తీతువు రెండోసారి పెట్టిన గుడ్లు

రోహిణి కార్తె రావడానికి రెండు వారాల ముందు సోమప్ప చేతిలో ఉన్నవి ఇవి. ఆదోని ఊరి చివర, ఎమ్మిగనూరు బాట పక్కన ఒక మట్టి మిద్దె. దాని వెనక వేపచెట్టు, ఎద్దులు తాగే రాతి తొట్టి, ఎప్పుడో మట్టి తవ్విన గుంత ఉన్న పెద్ద పెరడు. కొట్టునిండా విత్తనానికని ఏరి పెట్టిన బుడ్డలు, అంటే వేరుశెనగలు, ఇంకా ఒలవకుండా కాయలుగానే. అందులో తలుపు పక్కన విడిగా పేర్చిన నాలుగు మూటలు మాత్రం ఆయనవి కావు, కొత్తగా రెండెకరాలు కొన్న ఏసన్నవి. ఇక మల్లమ్మ అనే భార్య, ముప్పై ఏళ్ళ బుడ్డల వ్యాపారంలో సంపాదించిన ఒక పేరు. సోమప్ప ఉత్తపుణ్యానికి నోరు విప్పడు అనేదే ఆ పేరు.

గుంతలో ఒక తీతువు, దాని కింద నాలుగు గుడ్లు కూడా ఉన్నాయి. వాటిని ఆయన తన లెక్కలో వేసుకోలేదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. తీతువు వచ్చి నాలుగు రోజులైంది. ఇంటిమీద అది కూస్తే కీడని అందరూ అనేదే మల్లమ్మ కూడా అంది. తోలెయ్యమంది.

"గుంతలో ఉండేదాన్ని తోలితే యాడికి పోతుంది? పిల్లల్ని లేపుకోని అదే పోతుంది. తోలేదానికి ఒక మనిషి పని దండగ" అన్నాడు సోమప్ప.

ఏటా వానలకు ముందు మిద్దె కారకుండా పైన చౌడు మట్టి పరవడం ఆ ప్రాంతంలో అందరూ చేసేదే. ఆ యేడూ ఒక బండెడు చౌడు తెప్పించాడు. బండివాడు ఎద్దుల్ని వెనక్కి తోస్తూ పెరట్లోకి వచ్చాడు. సోమప్ప వెనక నిలబడి "ఇంకా రా, ఇంకా రా" అంటున్నాడు. తీతువు ఒక్కసారిగా లేచి ఎద్దుల ముఖాల మీదికి దూకింది. ఎద్దులు బెదిరి ఇంకో రెండడుగులు వెనక్కి వేశాయి. కుడి చక్రం గుంతలోకి దిగింది.

బండివాడు ఏమీ చూడలేదు. సోమప్ప వంగి చూశాడు. చుట్టూ గులకరాళ్ళు, ఎండిన మేకపెంటికలు వరసగా పేర్చుకుని ఉన్నాయి. ఎవరో కొలిచి పేర్చినట్టు. మధ్యలో మట్టిరంగు పెంకులు, పచ్చటి తడి. చెప్పుతో ఆ పెంకుల్ని మట్టిలోకి తోసి, "కానీ, దించు" అన్నాడు.

పిట్ట సాయంత్రం దాకా గుంత చుట్టూ తిరిగింది. మరునాడు కనపడలేదు. అంతటితో ఆ పద్దు తెగిపోయిందనుకున్నాడు సోమప్ప.

రోహిణి కార్తె మొదలైన మూడో రోజున హాలహర్వి నుంచి మాదన్న వచ్చాడు. అరవై దాటిన రైతు. ఆ పక్క పల్లెల్లో ఆయన విత్తడానికి గొర్రు పూన్చితే మిగతావాళ్ళు పూన్చేవాళ్ళు. విత్తనం చూసి పోదామని వచ్చినవాడు పెరట్లో నిలబడి పైకే చూస్తున్నాడు. తర్వాత అడక్కుండానే నిచ్చెన ఎక్కాడు. పైనుంచి రెక్కల చప్పుడు, టిట్టిట్టీ అని కూత, మాదన్న తలపాగా కిందపడటం అన్నీ ఒకేసారి జరిగాయి.

దిగివచ్చాక ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సావుకారప్పా, నీ మిద్దె మీద ఏముందో నీకు తెలుసునా?"

"సౌడు ఉంది. మొన్ననే పరిపించినా."

"సౌడు నా యింటి మీద గూడా ఉంది. తీతువు నాలుగు గుడ్లు పెట్టింది నీ యింటి మీద. తీతువు గుంతలో పెడితే కరువు, గట్టున పెడితే వాన. ఎంత ఎత్తున పెడితే అంత వాన. మా తాతకాన్నుంచి తప్పింది లేదు. గట్టు సూసినా, పుట్ట సూసినా, ఇంత ఎత్తున పెట్టింది నా వయసులో సూల్లేదు. ఇంగ సెరువులు నిలుస్తాయంటావా?"

మల్లమ్మ గడపలోంచి అంది: "ఇంటిమీద తీతువు కూర్చుంటే కీడంటారే మాదన్నా."

"ఇంటికి కీడు, ఊరికి మేలు. ఒకరికి పోకుండా ఇంకొకరికి యాడ వస్తుందమ్మా? మీ ఆయన్ని అడుగు, బాగా సెప్తాడు."

సోమప్ప నవ్వలేదు. గుంత వైపు చూడకుండా ఉండటానికి ఆయనకు కష్టంగా ఉంది.

వారం తిరిగేసరికి పెరడు తిరునాళ్ళలాగా అయింది. హాలహర్వి నుంచి వచ్చారు, దేవనకొండ నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. ఎక్కినవాడి తలపాగా పిట్ట ఊడగొట్టడం, కిందివాళ్ళు నవ్వడం ఒక ఆటైపోయింది. పోయిన దసరాకు దేవరగట్టులో దేవుడి మాటగా పూజారి చెప్పిన కార్ణికంలో కూడా వానలు మెండు అనే వచ్చిందని ఒకడు గుర్తు చేశాడు. పైనున్న దేవుడూ, మిద్దెమీది పిట్టా ఒకే మాట చెప్పాక రైతుకు ఇంకేం కావాలి? తొలివానకే విత్తెయ్యాలి. ఆలస్యం చేస్తే వాన పట్టుకుని, నేల బురదై, గొర్రు దిగదు. అందరి లెక్కా అదే.

సోమప్ప చివరికి నిచ్చెన తీసి కొట్టులో పెట్టాడు. చూడటానికి రుసుం పెడతాడేమోనని ఎవరో అన్నారు. ఆయనకు ఆ ఆలోచన రాలేదు. రాకపోవడం ఆయనకే వింతగా తోచింది.

అందరూ పోయాక ఒక సాయంత్రం ఏసన్న వచ్చాడు. బాటకు అవతలి పేటలో ఉంటాడు. తుంగభద్ర డ్యాం కట్టేటప్పుడు ఎనిమిదేళ్ళు అక్కడ రాళ్ళు మోసి, ఆ కష్టంతో రెండెకరాల ఎర్రనేల కొన్నాడు. పుట్టి బుద్ధెరిగాక సొంతానికి విత్తబోవడం అదే మొదలు. గుడిసెలో ఎలుకలని, కారుతుందని విత్తనం సోమప్ప కొట్టులో పెట్టాడు. అతని భార్య సువార్తమ్మ రోజూ పొద్దున సోమప్ప పెరడు ఊడ్చి, పేడ ఎత్తి పోతుంది. ఆమె కూడా వెంట వచ్చింది.

"పిట్టను సూసిపోదామని వచ్చినాం అప్పా" అన్నాడు ఏసన్న. "మా పాస్టరు శకునాలు సూడొద్దంటాడు. నేను శకునం సూసేదానికి రాలా. పిట్టను సూసేదానికి వచ్చినా. పిట్టను సేసింది దేవుడే కదా."

"అట్లే సూడు. పాస్టరు అడిగితే నేను సాక్ష్యం సెప్తాలే, కళ్ళు మూసుకోని సూసినాడని" అంది సువార్తమ్మ.

ఏసన్న చాలాసేపు కిందినుంచే చూసి, అసలు మాటకు వచ్చాడు.

"నా నాలుగు మూటలూ ఒలవమంటావా, వద్దంటావా?"

ఆ ప్రశ్న బరువు సోమప్పకు తెలుసు. కాయగా ఉన్నంతకాలం విత్తనం నిద్రపోతుంది. ఒలిచిన గింజను పది, పదిహేను రోజుల్లో నేలలో వెయ్యకపోతే మొలక తగ్గిపోతుంది. ఒలిచిన గింజ మళ్ళీ కాయలోకి పోదు. నాలుగు మూటలూ ఒలిచి తొలివానకు విత్తి, ఆ పైన వాన ముఖం చాటేస్తే ఏసన్న పని అయిపోయినట్టే. ఇంకో విత్తనం లేదు. మళ్ళీ యాడనో ఒకచోట రాళ్ళు మొయ్యాలి.

ఇంకొకడెవడైనా అడిగుంటే "నీ ఇష్టం" అనేవాడు. ఏసన్నతో అనలేకపోయాడు. "వాన రానీ, సూద్దాం" అన్నాడు. సువార్తమ్మ ఆయన ముఖంలోకి చూసి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పటినుంచి సోమప్ప పిట్టను గమనించడం మొదలుపెట్టాడు. సరుకు చూసినట్టే చూశాడు, మంచిచెడ్డలు తిరగేసి.

అవి రెండు. ఒకటి గుడ్లమీద ఉంటే ఇంకొకటి పిట్టగోడ మీద కాపలా. కాకి వస్తే రెండూ లేస్తాయి. ఇంతవరకు అర్థమైంది. అర్థం కానిది మధ్యాహ్నం జరిగేది. ఎండ మండిపోతున్నప్పుడు ఒకటి దిగి తొట్టి దగ్గరికి వస్తుంది. తొట్టి పొర్లి కింద నిలిచిన నీళ్ళలో కూర్చుంటుంది. తాగదు. పొట్టకింది ఈకలు విప్పి, అటూ ఇటూ ఊగి, తడిసి బరువైన పొట్టతో లేచి మిద్దెమీదికి పోతుంది. ఒక్క మధ్యాహ్నంలో పదకొండుసార్లు అట్లా చేసింది.

నిచ్చెన తెచ్చి, చప్పుడు లేకుండా ఎక్కి, అంచు మీదుగా చూశాడు. పిట్ట గుడ్లమీద కూర్చోలేదు. ఎండకు అడ్డంగా నిలబడి, తడి పొట్టను వాటికి ఆనించీ ఆనించనట్టు పెడుతోంది. గుడ్లు మెరుస్తున్నాయి.

దిగి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. రేపు బండి వస్తుందని తెలిసినవాడు ఇవాళ మూట నెత్తిన మోస్తాడా? వాన వస్తుందని తెలిసిన పిట్ట నీళ్ళు ఎందుకు మోస్తోంది? తెలియదు కాబట్టే మోస్తోందా? లేక ఇవాళ్టి ఎండ ఇవాళ్టిదే, వచ్చే నెల వాన దాన్ని ఆర్పదనా? రెండూ సరిపోతున్నాయి. రెండు లెక్కలూ సరిపోయే చోట ఏదో ఒకటి దొంగలెక్క అయి ఉండాలి. ఏది దొంగదో ఆయనకు దొరకలేదు.

దానికన్నా పెద్ద చిక్కు గుంతది. పిట్ట మొదట గుంతలో పెట్టింది. శాస్త్రం ప్రకారం అది కరువు. తర్వాత మిద్దెమీద పెట్టింది. అది వరద. ఏది చెల్లుతుంది? మార్కెట్‌లో తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతో బేరం చేసేటప్పుడు కడపట పట్టిన వేలే చెల్లుతుంది, మొదటి వేలును ఎవరూ తలవరు. కానీ ఆ వేలును ఎవరూ తొక్కి మార్పించరు. ఇక్కడ తన బండి చక్రం ఎక్కబట్టే పిట్ట పైకి పోయింది. అయితే ఊళ్ళన్నీ చదువుకుంటున్నది పిట్ట మాటనా, తన బండి చక్రం మాటనా?

మల్లమ్మకు చెప్పాడు. ఆమె వింది.

"అందరికీ సెప్పు, తీరిపోతుంది" అంది.

"సెప్తే విత్తరు."

"సెప్పకు, అట్లయితే."

"సెప్పకుంటే విత్తి, మాడిపోతే మళ్ళీ మన కొట్టుకే వస్తారు విత్తనానికి."

"మంచిదే కదా నీకు?"

"మంచిదే" అన్నాడు సోమప్ప. అన్నాక ఆ మాట నోట్లో చేదుగా ఎందుకుందో అర్థం కాలేదు.

ఆ వారం ఎమ్మిగనూరు సంతకు పోయాడు, గోనెసంచులు కావాలని. కాఫీ హోటలు బెంచీమీద పక్కనున్న మనుషులు మాట్లాడుకుంటున్నారు. ఆదోనిలో ఎవరో సావుకారు మిద్దెమీద తీతువు ఎనిమిది గుడ్లు పెట్టిందంట. సావుకారు దానికి పాలు పోస్తాండాడంట. ఇంకొకడు పాలు కాదు, మజ్జిగ అన్నాడు. గుడ్లు రాత్రిపూట మెరుస్తాయంట.

సోమప్ప కాఫీ గ్లాసు కిందపెట్టాడు. ముప్పై ఏళ్ళలో ఎవరూ అడక్కుండా నోరు విప్పింది అదే మొదటిసారి.

"ఆ మిద్దె నాది. గుడ్లు నాలుగే. పాలూ లేదు, మజ్జిగా లేదు. మీరు ఇంకోటి గూడా వినండి. ఆ పిట్ట మొదట గుంతలో పెట్టింది. నా బండి తొక్కింది. తొక్కినాంకనే పైన పెట్టింది. ఆ పిట్టను సూసి విత్తనం ఒలవొద్దండి."

ఎదుటివాడు, ముతక పంచెకట్టు మనిషి, తీరిగ్గా బీడీ వెలిగించుకున్నాడు.

"అంటే ఇప్పుడు కొనొద్దంటావు."

"పిట్టను సూసి కొనొద్దంటా."

"వాన పట్టినాంక కొనమంటావు. అప్పుడు నువ్వు సెప్పిందే రేటు."

"రేటు మాట నేనెత్తినానా?"

"ఎత్తకుండానే ఇంత సెప్పినావే, ఎత్తితే ఎంత సెప్పేవాడివో" అన్నాడు ఆ మనిషి. బెంచీ అంతా నవ్వింది. పక్కవాడు లేచి భుజం తట్టాడు. "మంచి మాట సెప్పినావు సావుకారూ. ఇత్తనానికి తొందరపడల్లని తెలిసిపోయింది."

మరునాటి నుంచి ఎమ్మిగనూరు బాటన బండ్లు బారులు తీరాయి. సోమప్ప అబద్ధం చెప్పి ఎన్నడూ అంత సరుకు అమ్మలేదు. నిజం ఇంత గిరాకీ తెస్తుందని ఆయనకు తెలియదు. తెలిసి సంతోషించాలో, సిగ్గుపడాలో కూడా తెలియలేదు.

మృగశిర మూడో రోజు సాయంత్రం తొలివాన పడింది. పెద్దది కాదు. జానెడు లోతు కూడా దిగలేదు. అయినా మట్టి వాసన లేచింది, ఊళ్ళో గొర్రులు బయటికి వచ్చాయి. తెల్లవారుతుండగానే ఏసన్న, సువార్తమ్మ పెరట్లో నిలబడ్డారు.

"వాన వచ్చింది అప్పా. సూద్దామంటివి. నాలుగూ ఒలవనా?"

సోమప్ప అరుగు దిగి వాళ్ళ దగ్గరికి వచ్చాడు. "ఏసన్నా, నీకు ఒక మాట సెప్పల్ల. నమ్మితే నమ్ము." గుంత సంగతి, చక్రం సంగతి, సంతలో నవ్విన సంగతి అన్నీ చెప్పాడు. చివరికి "ఆ పిట్ట ఏం సెప్తాందో నాకు తెల్దు. అది ఏమైనా సెప్తాందో లేదో గూడా తెల్దు" అన్నాడు.

ఏసన్న నోరు తెరిచి భార్య వైపు చూశాడు. సువార్తమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంటూ అంది:

"నాకు తెలుసు. ఆ పొద్దు నేను పేడదిబ్బ కాడ ఉన్నా. నువ్వు సెప్పుతో పెంకులు తోసినావు."

"నీకు తెలుసునా? మరి ఇంతమంది వచ్చిపోయినారే, ఎవురికీ సెప్పలేదేం?"

"నన్నెవరడిగినారు? మాదన్న నిచ్చెన ఎక్కేముందు పెరడు ఊడ్సేదాన్ని అడిగిపోయినాడా?" అంది ఆమె. "నువ్వు సెప్తావో లేదో అని సూస్తాంటి. ఈ పొద్దు గూడా సెప్పకుంటే నాలుగు మూటలూ ఎత్తుకోని పోయేదాన్ని. కొట్టులో ఎలకలు లేవు కానీ, నువ్వుండావు కదా అని."

సోమప్పకు కోపం రావాలి. రాలేదు.

"అయితే ఒలవొద్దంటావా?" అన్నాడు ఏసన్న, ఎవర్ని అడుగుతున్నాడో తెలియనట్టు ఇద్దరి మధ్యకూ చూస్తూ.

"రెండు ఒలుద్దాం, రెండు పెడదాం" అంది సువార్తమ్మ. "పిట్టకు వాన తెలుసో లేదో నాకూ తెల్దు. ఒకటి సూసినా. నాలుగూ పోయినాంక మళ్ళీ పెట్టేదానికి దాని కడుపులో గుడ్లుండాయి. నీ కడుపులో బుడ్డలుండాయా?"

"సగం సేను విత్తి సగం బీడు పెడితే ఊరు నవ్వుతుంది."

"నవ్వనీ. నవ్వినోళ్ళు ఇత్తనం ఇస్తారేమో అడిగి సూడు."

రెండు మూటలు బయటికి వచ్చాయి. మిగతా రెండు తలుపు పక్కనే ఉండిపోయాయి. ఆ రోజు మధ్యాహ్నానికి సోమప్ప సొంత సరుకు దాదాపు సగం ఖాళీ అయింది.

మొలకలు వచ్చాయి. తర్వాత వాన రాలేదు. పడమటి గాలి పట్టుకుంది. పగలూ రాత్రీ తలుపులు కొట్టుకునేంత గాలి, మబ్బుల్ని చూపించి తూర్పుకు తోసుకుపోయే గాలి. పైతడికి మొలిచినవి కింద తేమ అందక ముడుచుకున్నాయి. ఏసన్న రోజూ పొలం పోయి వచ్చేవాడు. అడిగితే "నిలబడే ఉండాయి" అనేవాడు. తర్వాత అది కూడా అనడం మానేశాడు.

ఆరుద్ర కార్తెలో ఒక పొద్దున మిద్దెమీది కూత మారింది. సువార్తమ్మ చీపురు ఆపింది. ఒక తీతువు తొట్టి పక్కన నిలబడి పైకి చూస్తూ సన్నగా పిలుస్తోంది. మిద్దె అంచున ఒక పిల్ల కనిపించింది. బుడ్డకాయకు కాళ్ళు వచ్చినట్టు ఉంది. మట్టిరంగు, నల్ల చుక్కలు, ఇంకా ఈకలు లేవు.

"అది దూకుతాదా ఏంది" అంది మల్లమ్మ.

"ఎవురైనా పట్టుకోండి" అన్నాడు సోమప్ప, తనే ముందుకు అడుగేసి. తల్లి ఆయన నెత్తిమీదికి వచ్చింది. వెనక్కి తగ్గాడు.

పిల్ల దూకింది. నిలువెత్తు మిద్దెమీదనుంచి దూదిపింజలాగా వచ్చి నేలమీద పడి, పొర్లి, లేచి తల్లి దగ్గరికి పరుగెత్తింది. మల్లమ్మ ఊపిరి వదిలి, గింజలు కొలిచేటప్పుడు ఒకటికి బదులు అనేమాట అలవాటుగా అనేసింది. "లాభం." ఇంకొకటి దూకింది. "రెండు." ఇంకొకటి అంచున చాలాసేపు తిరిగి, దూకింది. "మూడు."

నాలుగోది రాలేదు. పిల్లలు మూడూ తల్లిదండ్రుల వెంట తొట్టి తడిలోకి, అక్కడినుంచి కంచె సందులోంచి బయటికి పోయాయి. సోమప్ప నిచ్చెన ఎక్కాడు. ఈసారి ఎవరూ ఆయన మీదికి రాలేదు. గులకరాళ్ళ మధ్య ఒక గుడ్డు ఉంది, చల్లగా. చేతిలోకి తీసుకుని చూశాడు. ఇంతమందికి ఇంత చెప్పిన వస్తువు ఇంత తేలికగా ఉందేమిటా అనుకున్నాడు. తెచ్చి గోడ గూట్లో పెట్టాడు.

పునర్వసు సగం గడిచాక వాన వచ్చింది. అట్లా ఇట్లా కాదు. మూడు రోజులు ఆగకుండా కురిసింది. సోమప్ప మిద్దె కారలేదు. కారనివి ఆ బాటలో రెండు ఇళ్ళేనట. హాలహర్వి వైపు ఒక చెరువు కట్ట తెగిందని కబురు వచ్చింది.

నాలుగో రోజు మాదన్న బురద కాళ్ళతో దిగాడు. విత్తనం కావాలి. తొలివానకు విత్తినదంతా మాడిపోయింది. అయినా ఆయన ముఖంలో ఒక గెలుపు ఉంది.

"సూసినావా సావుకారప్పా. పిట్ట సెప్పిందే అయింది. సెరువు తెగింది."

"నీ బుడ్డలు మాడిపోయినాయి కదన్నా, నెల రోజులు వాన లేక."

"అది గుంతలో పెట్టిన గుడ్ల లెక్క. మొదటి గుడ్లకు మొదట కరువు, రెండో గుడ్లకు రెండోసారి వరద. బరోబ్బరి సరిపోయింది. నువ్వే సెప్పినావంట కదా, ఎమ్మిగనూరు సంతలో."

"సెప్తే నవ్వినారు."

"నవ్వకేం సేస్తాం? నువ్వు నిజం సెప్తావని యా పిట్ట సెప్పింది మాకు?"

సోమప్ప తలలో అప్పటికే ఇంకో చిక్కు పడింది. రెండుసార్ల గుడ్ల లెక్కలూ జరిగాయి. పిట్టకు అంతా తెలిసుండాలి, లేదా ఏమీ తెలిసుండకూడదు. పోనీ తెలుసనుకుంటే, తన బండి చక్రం ఎక్కి ఉండకపోతే మొదటి గుడ్లే నిలిచేవి. అప్పుడు వాన రాకపోయేదా? వాన తెచ్చింది చక్రమా? నవ్వొచ్చింది. నవ్వాక, ఎవరైనా నిజంగా అడిగితే కాదని రుజువు చెయ్యలేనే అనిపించి నవ్వు ఆగిపోయింది.

మాదన్నకు విత్తనం కొలిచేటప్పుడు కొలపాత్ర అంచు చేత్తో గీయలేదు. రాశిగానే పోశాడు. మాదన్న అది గమనించి, ఇందులో ఏదో మోసముందని కాయల్ని రెండుసార్లు తిరగేసి చూసుకున్నాడు.

సువార్తమ్మ ఆ రోజే తన రెండు మూటలూ దించుకుంది. పేట ఆడవాళ్ళు నలుగురు వేపచెట్టు కింద కూర్చుని ఒలిచారు.

కార్తీకంలో, కాయ పీకి ఎండబెట్టాక, ఏసన్న బండిమీద నాలుగు మూటలు తెచ్చాడు. తలుపు పక్కన అదే చోట పేర్చమన్నాడు. తొలివానకు విత్తిన ఎకరాలో పల్లంగా ఉన్న మూల మాత్రం ఎందుకో బతికింది. అక్కడినుంచి మూట కూడా నిండలేదు. రెండోసారి విత్తిన ఎకరా పండింది. అయితే పల్లం మూల ఎందుకు బతికిందో, ఎత్తైన చోట రెండోసారిది ఎందుకు పండిందో అని సోమప్ప అడగబోయి మానుకున్నాడు. మళ్ళీ ఎత్తూ పల్లమూ అని మొదలైతే ఆ లెక్క తెగదు.

కొలిచి మూటలు కట్టేటప్పుడు సువార్తమ్మే లెక్కపెట్టింది, "లాభం, రెండు, మూడు" అంటూ. ఆఖరికి బుట్ట అడుగున ఒక దోసెడు కాయలు మిగిలాయి. వాటిని ఎత్తి సోమప్ప ముందు అరుగుమీద పోసింది.

"ఇవి ఏందికి?" అన్నాడు.

"తినేదానికి. వేయించుకో."

"ఊరికేనా?"

"ఊరికే ఏందికి? సెప్పినావు కదా" అంది. పోతూ పోతూ తలతిప్పి, "ఆలస్యంగా సెప్పినావు. అందుకే దోసెడు" అంది.

వాళ్ళు పోయాక సోమప్ప అరుగుమీద కూర్చుని ఆ యేటి లెక్క తేల్చుకున్నాడు. గుంతలో నాలుగు, మిద్దెమీద నాలుగు, మొత్తం ఎనిమిది గుడ్లు. వాటిలో మూడు పిల్లలై నడిచిపోయాయి. నాలుగు చక్రం కింద పోయాయి, అది తన ఖాతాలోనే. ఒకటి గూట్లో ఉంది. దాన్ని పగలగొడితే లోపలేముందో తెలుస్తుంది, కానీ తెలుసుకోవాలని లేదు. ఏసన్న నాలుగు మూటలు పెట్టి నాలుగు మూటలు తిరిగి పెట్టాడు, పైన ఇంటికి ఆరు మూటలు తీసుకుపోయాడు, ఆ యేడు రాళ్ళు మొయ్యడానికి పోడు. తన కొట్టు రెండు విడతల్లో ఖాళీ అయింది. పాత పేరు చెడింది, కొత్తది ఇంకా రాలేదు. పిట్టకు వాన తెలుసా లేదా అనేది మొదట్లో ఎక్కడుందో అక్కడే ఉంది.

ఇవన్నీ కూడి, తీసి, నికరంగా చూసుకుంటే చేతిలో మిగిలింది ఒక దోసెడు బుడ్డలు. ఇంకా, సువార్తమ్మ అనే ఒక మనిషి ఆయన్ని నమ్మింది. నాలుగు మూటల్లో ఎత్తుకుపోకుండా ఆయన కొట్టులోనే ఉంచిన రెండు మూటల మేరకు, సగానికి. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో అంతకుముందు ఆ సగం కూడా లేదు.